మూడో డబ్బా

వరద నీళ్లు షాపుల మెట్లెక్కిన ఏడాది అది. మందుల షాపాయన బీరువా తలుపు చంకన పెట్టుకుని వడ్రంగి షెడ్డులోకి వచ్చాడు.

"ఇదేం పనయ్యా? కొత్త చొక్కా బర్రున చిరిగింది."

తలుపుకి అవతలి వైపు స్క్రూల మొనలు పొడుచుకొచ్చి ఉన్నాయి. పొట్టివి పడాల్సిన చోట పొడుగువి పడ్డాయి. వడ్రంగి బల్ల మీదికి చూశాడు. పొట్టి స్క్రూలు ఉండేది పచ్చ డబ్బాలో, పొడుగువి ఎర్ర డబ్బాలో. ఇప్పుడవి తారుమారుగా ఉన్నాయి. ఇలా జరగడం మొదటిసారి కాదు.

"ఎవరో మార్చారు" అన్నాడు.

"దయ్యమా? ఇంకోసారి ఇలా అయితే నా పని వేరే వాళ్లకిచ్చుకుంటా."

ఆయన వెళ్లాక వడ్రంగి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"ఇది నీ కోడలి పనే" అన్నాడు భార్యతో.

కోడలు గోడౌన్‌లో పెట్టెలకు చీటీలు అంటిస్తుంది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్పే మొదటి కోర్సులో చేరి ఒకసారి తప్పింది. ఈసారి పాసైతే అక్కడే ఆఫీసులో కుర్చీ ఇస్తామన్నారు. పరీక్ష దగ్గర పడిందని సెలవు పెట్టి, మధ్యాహ్నాలు షెడ్డులో కూర్చుని చదువుకుంటోంది.

"అది పుస్తకంలోంచి తలెత్తితేగా! దాని మీద పడతారేంటి?" అంది భార్య.

"షెడ్డులోకి వచ్చేది నేనూ, అదీ. ఇంకెవరు మారుస్తారు?"

"మారిస్తే దానికేమొస్తుందీ?"

"నా పని చెడితే షెడ్డు మూసేస్తాను. అక్కడ కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంటుంది. చేతికి దొరకనీ, పరీక్షా లేదు గిరీక్షా లేదు."

పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం ఆయన సగం చేసిన బీరువా వెనక నక్కాడు. కోడలు వచ్చింది. గుమ్మం వైపు ఒకసారి చూసి, పచ్చ డబ్బాలోవి ఖాళీ వార్నిష్ డబ్బాలో పోసింది. ఎర్ర డబ్బాలోవి పచ్చదాంట్లో పోసింది. వార్నిష్ డబ్బాలోవి ఎర్రదాంట్లో పోస్తుండగా ఆయన బయటికొచ్చాడు.

"దొరికావా!"

కోడలి ముఖం పాలిపోయింది. డబ్బాల వైపు చూసింది. మామగారి వైపు చూసింది.

"నేనే మావయ్యా" అంది. "రేపు పరీక్షలో ఇదే అడుగుతారు. రెండింట్లో ఉన్నవి అటూ ఇటూ మార్చాలంటే మూడోది ఖాళీగా ఉండాలి. చేత్తో చేసి చూస్తే గానీ బుర్రకెక్కడం లేదు."

వడ్రంగి డబ్బాల్లోకి తొంగి చూశాడు.

"ఇప్పుడు సరిగ్గానే ఉన్నాయే?"

"పొద్దున మార్చాను. ఇప్పుడు వెనక్కి మార్చాను."

"ఇన్నాళ్లూ నువ్వేనా?"

"నేనే."

"నీ చదువుకి నా పొట్టే దొరికిందీ? ఇకమీదట వీటిని ముట్టనని ఒట్టెయ్."

కోడలు తల దించుకుంది.

"ఒట్టు మాత్రం అడక్కండి మావయ్యా."

"విన్నావుటే!" అని కేకేశాడు వడ్రంగి. "దీని పొగరు చూశావా? రేపు నువ్వెక్కడికీ కదలక్కర్లేదు, అమ్మాయ్."

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"తనే చేశానని ఒప్పుకుంది కదా. వెళ్లనివ్వండి" అంది మెల్లగా.

ఆయన బల్ల మీద గుద్దాడు. గొణిగాడు. చివరికి, "పో, రాసిరా. తప్పావో, మళ్లీ ఈ షెడ్డు గడప తొక్కనివ్వను" అన్నాడు.

మర్నాడు పొద్దున కోడలు పరీక్షకు వెళ్లిపోయింది. ఇవాళ మార్చేవాళ్లెవరూ లేరన్న ధీమాతో వడ్రంగి షెడ్డు తెరిచాడు. రెండు డబ్బాలూ పాతగుడ్డ మీద బోర్లించి, రోజూ లాగే రంపపు పొట్టు ఊదేశాడు.

పొట్టి స్క్రూలు ఎర్ర డబ్బాలో పోశాడు.