పళ్ళు లేని రాణి

“మా కోట ముందర హంపీ ఏటండీ, పశువుల సాల.”

తొమ్మిదో తరగతి నీలకంఠం ఈ మాట అనేసరికి సోషల్ మేస్టారు అచ్యుతరామయ్య చేతిలో సుద్దముక్క విరిగింది. తుపానుకి రైలు పట్టాలు కొట్టుకుపోయి హంపీ యాత్ర రద్దయిందని ఆయన అప్పుడే చెప్పారు. ఏడాదిగా ఆ యాత్ర కోసమే బతుకుతున్న మనిషి. క్లాసంతా దిగులుగా ఉంది. అందరికన్నా ఆయనే ఎక్కువ దిగులుగా ఉన్నారు.

నీలకంఠం సంగతి గాజువాకలో తెలియనివాళ్ళు లేరు. పోర్టులో ఓడ కూత వేస్తే తనని పిలవడానికే వేసిందనేవాడు. వాళ్ళ తాత సింహాచలం కొండని ఓసారి భుజానికెత్తుకుని, మెట్లు లెక్క తప్పుతాయేమోనని మళ్ళీ అక్కడే దించేశాడని చెప్పినప్పుడు కూడా వాడి మొహంలో నవ్వు లేదు. అలాంటివాడు, దువ్వాడ అవతల ఉక్కు ఫ్యాక్టరీ కంచె లోపల పాడుబడ్డ కోట ఉందనీ, దాన్నేలిన రాజులు తమవాళ్ళేననీ అంటున్నాడు.

“అక్కడ కోట లేకపోతే?” అన్నారు మేస్టారు.

“బడి మానీసి పశువుల్ని కాసుకుంతాను. కాపోతే రేపే ఎల్లాలండి. ఎల్లుండికి మిషన్లొచ్చి అంతా సదును సేసేత్తాయట.”

అబద్ధమని మేస్టారికి తెలుసు. కానీ హంపీ పోయిన మనిషికి ఏదో ఒక రాయి కావాలి. సరే అన్నారు.

మర్నాడు మబ్బు పట్టి ఉంది. బస్సులో నీలకంఠం చొక్కా జేబులో కాగితం పొట్లం కనిపించింది. తినేదేమోనని వాడి పక్కన కూర్చున్న అబ్బులు లాక్కోబోయాడు. అది రాణిగారికి వాళ్ళమ్మ పంపిన కానుక అని చెప్పి నీలకంఠం జేబు మూసేసుకున్నాడు.

కంచె గేటు దగ్గర కాపలా ఉన్న దాలయ్య వాణ్ణి చూడగానే మొహం చిట్లించాడు.

“మళ్ళీ ఒచ్చీసినావేటి? పనిలేనోళ్ళని లోనికి ఒగ్గకూడదని ఎన్నిసార్లు సెప్పాల?”

నీలకంఠం పక్కకి జరిగి మేస్టారిని ముందుకి పెట్టాడు. “ఈసారి నాను కాదు మావా. హిస్టరీ ఒచ్చింది.”

దాలయ్య మేస్టారి గొడుగునీ, కళ్ళజోడునీ ఎగాదిగా చూసి గేటు తీశాడు.

లోపల కోట లేదు. మోకాలెత్తు మట్టిగోడలు, పగిలిన పెంకులు, సగం పూడ్చిన నుయ్యి. దూరంగా పచ్చరంగు మిషన్లు రెండు, మేత మేసి పడుకున్న పశువుల్లా ఉన్నాయి. మేస్టారి ప్రాణం ఉసూరుమంది.

“ఒరే, నీ కోట కన్నా మా కోళ్ళగూడు నయం,” అన్నాడు అబ్బులు.

నీలకంఠం చలించలేదు. రెండు మంచాలు పట్టని చోటు చూపించి అది ఏనుగుల శాల అన్నాడు. అరుగు ముక్క చూపించి దర్బారు అన్నాడు. ఒకచోట చెప్పులు విప్పి, తల వంచుకుని లోపలికి అడుగు పెట్టాడు. అక్కడ ద్వారబంధమూ లేదు, పైన దూలమూ లేదు. వీడు నాటకాల్లో చేరితే బాగుపడతాడనుకున్నారు మేస్టారు.

మిగిలిన ఒక్క గోడకి నీలం సున్నం ఉంది. దానికి బల్బు హోల్డరు వేలాడుతోంది. మేస్టారు గొడుగు కొసతో దాన్ని తట్టారు.

“ఏ శతాబ్దం రాజురా ఇతను?”

“ముందుసూపున్న రాజండి.”

పిల్లలు గొల్లున నవ్వారు. మేస్టారు నవ్వలేదు. ఈ కోటకి రాణి లేదా అని పిల్లల్లోంచి గౌరీశ్వరి అడిగింది. నీలకంఠం నోటికి అంతదాకా లేని తడబాటు వచ్చింది.

“ఉండీది. ఒక్క పన్నూ నేదు. నడవనేదు. అందరూ ఎత్తుకునే తిప్పీవోరు. అయినా పెత్తనమంతా ఆవిడిదే. ఆవిడ కేకేత్తే రాజుగారు సగం కూట్లో లేసిపోయీవోరు.”

“ముసల్దేటి?” అన్నాడు అబ్బులు.

నీలకంఠం మిషన్ల వైపు చూస్తున్నాడు.

చినుకులు మొదలయ్యాయి. పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని విసుక్కుంటున్నారు. మేస్టారికి ఓపిక అయిపోయింది.

“ఇది ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేయించిన ఊరు కదరా?”

“అవునండి.”

“మీ ఊరే కదూ?”

“అవునండి. ఆ నీలం గోడ మా వంటిల్లు.”

“నీ ఇల్లు నువ్వు చూసుకోవాలంటే నాతో ఓ మాట చెబితే సరిపోయేది కదరా. ఇంతమందిని వానలో తిప్పి నవ్వులాటలా?”

“ఇంటి కోసం కాదండి,” అన్నాడు నీలకంఠం మెల్లగా.

వాడితో ఇంక మాట్లాడి లాభం లేదనుకుని మేస్టారు పెరటివైపు నడిచారు. నరికేసిన ములగ మోడు పక్కన చుట్టూ గులకరాళ్ళు పేర్చిన చిన్న దిబ్బ ఉంది. కాళ్ళు లాగుతుంటే దానిమీద కూర్చోబోయారు. నీలకంఠం పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకు లాగేశాడు.

“అక్కడొద్దండి.”

మేస్టారి మీద చెయ్యి వేసినవాణ్ణి పిల్లలు ఇదివరకు చూడలేదు. నీలకంఠం వానలో మోకాళ్ళ మీద కూర్చుని జేబులోని పొట్లం విప్పాడు. అందులో నల్లగాజులు రెండున్నాయి. మేస్టారి రెండు వేళ్ళు కూడా పట్టనంత చిన్నవి. వాటిని దిబ్బ మీద పెట్టి, కొట్టుకుపోకుండా పైన గులకరాయి ఒకటి బరువుగా ఉంచాడు.

“ఎవరివిరా ఇవి?” అన్నారు మేస్టారు.

“రాణిగారివండి.”

ఆ మాట అన్నాక వాడు తలెత్తి చూశాడు. ఎప్పటిలాగే మొహంలో నవ్వు లేదు.

“మా సెల్లిని ఇక్కడే కప్పెట్టినాం, మేస్టారూ.”