నలుగురి పని

"టైము ఇంకా తగ్గలేదా అన్నా?" పక్క సీట్లోంచి కనగం అడిగింది.

శివరామన్ ప్రోగ్రాంను ఇంకోసారి నడిపాడు. తెర మీద అవే అంకెలు. మిషన్ లోపలి ఒక్క పనివాడితో ప్రోగ్రాం ముప్పై సెకన్లు తీసుకుంది. అదే పని నలుగురికి పంచితే ముప్పై మూడు. నలుగురు చెయ్యేస్తే ఆలస్యం కావడమేంది?

కొత్త ప్రోగ్రామింగ్ భాష నేర్పిన మొదటి రోజు నిర్మల మేడమ్ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పింది. "నలుగురు తలా ఒక పార పట్టుకోని కాలవ తవ్వినట్టన్నా. మళ్ళీ మళ్ళీ చేసే పని, అదే లూపు, దాని ముందర ఒక్క మాట రాయండి. కంపైలరే పని పంచేస్తాది."

ఆ మాట రాశాడు. కోడును మిషన్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఒక్క తప్పూ చూపలేదు. చూపించి ఉంటే బాగుండేది, దిద్దుకునేవాడు.

ఉద్యోగం తనకో కనగానికో, ఇద్దరిలో ఒక్కరికే. పరీక్ష చిన్నదే. ఒకరితో ఎంత, నలుగురితో ఎంత, మిషన్ ఏం చూపితే అది చూపించమంది మేడమ్. కొత్త మిషన్లు లోపల అద్దాల గదిలో ఉన్నాయి. వీళ్ళకిచ్చినవి మూలన పడున్న పాత కంప్యూటర్ పెట్టెలు.

కనగం లేచింది. "నాకూ తగ్గలే. మేడమ్‌కి అదే చెప్పేస్తా."

"తగ్గలేదనా? ఇంక ఉద్యోగమెవరిస్తారు నీకు?"

"లేనిది యాడ్నించి తెచ్చేదన్నా? ఇప్పుడే పోతే మా ఊరి విల్లియనూరు బస్సన్నా దొరకతాది." నవ్వబోయి, కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

ముదలియార్‌పేటలో ఇంటి దగ్గర భార్య పంకజం ఈపాటికి వీధంతా కేసరి పంచి ఉంటుంది. ఉద్యోగం వచ్చేసిందని ఆమెకు నిన్ననే చెప్పేశాడు. ఆమె అడగను కూడా లేదు. అన్నం వడ్డిస్తూ ఒకసారి మొహంలోకి చూసిందంతే, నోరు దానంతటదే చెప్పేసింది. ఇప్పుడు ఆ మాట నిజం కావాలంటే ఈ అంకె తగ్గాలి.

మళ్ళీ నడిపాడు. ముప్పై మూడు. మళ్ళీ. ముప్పై నాలుగు. పెట్టెలో ఫ్యాను గరగరమంది. ఆ నలుగురూ లోపల కూర్చుని తనను చూసి నవ్వుకుంటున్నట్టనిపించింది.

వేళ్ళు కదిలాయి. నలుగురూ చేయాల్సిన పనిని నాలుగో వంతుకు కోసేశాడు. మిగిలింది ఎవరూ చేయరు. ఎవరూ చేయలేదని తెర మీద తెలియదు. నడిపాడు.

ఎనిమిది సెకన్లు.

సిగ్గు కోసం లోపల వెతుక్కున్నాడు. దొరకలేదు. గుండె మాత్రం నిదానంగా కొట్టుకుంటోంది, నిన్న అన్నం ముందు కొట్టుకున్నట్టే.

"అయ్యిందా అన్నా?" నిర్మల వచ్చి వెనక నిలబడింది.

"అయ్యింది మేడమ్." ఆమె కళ్ళ ముందే నడిపి చూపించాడు. ముప్పై. ఎనిమిది.

ఆమె రెండు అంకెలనూ మార్చి మార్చి చూసింది. "బాగా తగ్గిందే. కనగానికి తగ్గలేదంట."

"చిన్నపిల్ల కదా మేడమ్. యాడో తప్పు రాసుంటాది."

"నలుగురికీ సమానంగా పంచినారా?"

"సమానంగానే మేడమ్."

అద్దాల అవతల కనగం ఒక కొత్త మిషన్ ముందు కూర్చుని ఏదో టైపు చేస్తోంది. సర్టిఫికెట్లు తిరిగిచ్చేదాకా అక్కడ కూర్చోమన్నారు కాబోలు, పాపం అనుకున్నాడు.

నిర్మల వంగి, ఆ పాత పెట్టె స్విచ్చి ఆపేసింది. ఫ్యాను గరగర ఆగిపోయింది.

"దీంట్లో ఉండేది ఒక్క ప్రాసెసరేనన్నా" అంది, తెర వైపే చూస్తూ. "నలుగురికీ కలిపి ఒక్కటే పార. యాడ తగ్గతాది?"