గోడకున్న చెవులు

"బొమ్మలు చూడ్డానికి కాలేజీ ఎందుకే? కళ్ళుంటే చాలదూ?" అన్నారు పెదనాన్న.

కళాచరిత్రలో నా చదువు ఒక ఏడాదితో మాన్పించెయ్యాలని నన్ను హాల్లో నిలబెట్టారాయన. ఆయన తలపైన గోడకి మా ఇంటి పరువు వేలాడుతోంది. పాత రంగుల పటం. అందులో కుర్చీలో దర్జాగా కూర్చున్న దొరగారు మా ముత్తాతట. వచ్చినవాళ్ళకి వంశం గొప్పలు చెప్పడం, పనివాళ్ళని అలగాజనం అని తిట్టడం, పెదనాన్న రెండూ ఆ పటం కిందే కూర్చుని చేస్తారు.

"ఆ చదువు వల్ల ఏం ఒరిగిందో ఒక్కటి చెప్పు."

"చెవులు చూడ్డం వచ్చింది పెదనాన్నా. బొమ్మ గీసేవాడు దొరల మొహాలకి మెరుగులు దిద్దుతాడు గానీ, చెవులు ఉన్నవి ఉన్నట్టే వేసేస్తాడని మా మాస్టారు చెప్పారు."

"నా చెవిలో పువ్వులు పెట్టకు!"

"మన ఇంట్లో అందరివీ చాటంత చెవులు కదా, తమ్మెలు బుగ్గకి అతుక్కుపోయి ఉంటాయి. దొరగారివి చూడండి. బుల్లి చెవులు, వేలాడే తమ్మెలు."

పెదనాన్న లేచి, కళ్ళజోడు సవరించుకుని దొర చెవులు చూశారు. తర్వాత పటంలోనే ఆ కుర్చీ వెనక పళ్ళెం పట్టుకుని వంగి నిలబడ్డ నౌకరు చెవులు చూశారు. ఆయన చెయ్యి దానంతటదే తన చెవి మీదికి పోయింది.

నా చదువు సాగుతోంది. పటం గోడకే ఉంది. తీస్తే ఎందుకు తీశారని నలుగురూ అడుగుతారు. గోడలకి చెవులుంటాయని తెలిసొచ్చిన పెదనాన్న మాత్రం, మండుటెండల్లో కూడా మఫ్లరు చుట్టుకునే కూర్చుంటున్నారు.