అంజినమ్మ హోటలు

నందవరం దగ్గరి ఆ పల్లెకు అంబులెన్సు ఎప్పుడు పిలిచినా దారి తప్పేది. ఫోను మ్యాపులో ఆ ఊరే లేదు. డిగ్రీ చదివే జ్యోతి ఊరి పేరు ఎన్నిసార్లు ఎక్కించబోయినా, అలాంటి ఊరు లేదని మ్యాపు తిప్పికొట్టింది. హోటళ్లనైతే వెంటనే ఒప్పుకుంటోంది.

దాంతో జ్యోతి పక్కింటి అంజినమ్మ గుడిసెను హోటలుగా ఎక్కించింది. దోసెలు దొరుకుతాయని రాసింది. అంజినమ్మకు మాత్రం చెప్పలేదు.

తర్వాతి వారమే అంజినమ్మకు గుండెనొప్పి వచ్చింది.

"అంజినమ్మ హోటలు కాడికి బిన్నా రాన్నా!" అని జ్యోతి అంబులెన్సుకు ఫోను చేసి తొందరపెట్టింది.

అంబులెన్సు నేరుగా గుమ్మం ముందే ఆగింది. దాని వెనకే ఒక కారు వచ్చింది. అందులోని పెద్దమనిషి, "దోసెలుండాయా?" అని అడిగాడు.

జ్యోతి ఏడుస్తూ నిజం చెప్పేసింది.

స్ట్రెచర్ మీద నుంచే అంజినమ్మ ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగింది.

"దోసెలని ఏంటికి రాసినావే? నాకొచ్చేది రొట్టెలే. మార్సు. లోపల రెండుండాయి, ఆయప్పకు పెట్టు."

అంజినమ్మ బతికింది. ఇప్పుడు రోజూ రొట్టెలు కాలుస్తోంది.

మ్యాపులో ఊరు మాత్రం ఇంకా లేదు. ఎమ్మిగనూరులో ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే, ఆ పల్లెవాళ్లంతా "అంజినమ్మ హోటలు" అనే చెబుతున్నారు.