ముళ్ళు ఎక్కువున్న మొక్క

టోపీ పెద్దాయన మళ్ళీ వచ్చాడు. వరసగా ఇది మూడో ఆదివారం.

మొక్కలకి నీళ్ళు పెడుతున్న నర్సరీ అక్క చెయ్యి అక్కడే ఆగిపోయింది. పోయిన రెండు వారాలూ ఆయన ఒక్క మొక్క కొనలేదు. కనీసం బేరం కూడా ఆడలేదు. తిన్నగా కిత్తనార మొక్కల దగ్గరికి వెళ్తాడు. ఇప్పటివాళ్ళు అగేవ్ అంటున్నారే, అవే. గంటసేపు వాటి చుట్టూ తిరిగి, వచ్చినదారినే పోతాడు.

“ఒరేయ్, ఆయన్నో కంట కనిపెట్టు. నోరు మాత్రం విప్పకు,” అంది తమ్ముడితో.

తమ్ముడు నర్సరీ వ్యాను నడుపుతాడు. మొయ్యమంటే మోస్తాడు, తవ్వమంటే తవ్వుతాడు. ఎటొచ్చీ ఆ నోటికే మూత లేదు.

అక్క బెంగంతా నీలి అగేవ్ గురించే. నడుమెత్తు మొక్క. కింది ఆకులు కోసేసి, కొత్త తొట్టిలో కూర్చోబెట్టి, ఏడాదిగా కంటికి రెప్పలా చూసుకుంటోంది. రేపు పొద్దున అది పెద్ద హోటల్ గుమ్మంలోకి వెళ్తుంది. మేనేజరుకి నచ్చిందా, ఆ హోటల్ తోట పనంతా వీళ్ళకే. ఇన్నేళ్ళూ బంతి నారు, గులాబీ అంట్లు అమ్ముకుంటూ నెట్టుకొచ్చిన మనిషికి అది మామూలు విషయమా? ఈ ఒక్కరోజూ గండం లేకుండా గడిస్తే చాలనుకుంది. సరిగ్గా ఇవాళే దాపురించాడు ఈయన.

పెద్దాయన జేబులోంచి టేపు తీసి, నీలి అగేవ్‌ని ఆ కొస నుంచి ఈ కొసకి కొలిచాడు.

అక్క గొట్టం కింద పడేసి వెళ్ళింది.

“అది అమ్మేది కాదండీ.”

“తెలుసమ్మా, బోర్డు చూశాను. ఇంతదాన్ని నేలలోంచి పీకాలంటే ఎంతమంది కావాలంటావు?”

“ఎందుకండీ?”

“ఊరికే. ఇద్దరు సరిపోతారా?”

“ఏమోనండీ, మాకెలా తెలుస్తుంది? మేం దీన్ని తొట్టిలోనే పెంచాం.”

“వేళ్ళు తెగితే బతకదేమో?”

“మొండిదండీ, బతికేస్తుంది,” అనేసి, ఎందుకన్నానురా అని నాలిక్కరుచుకుంది.

తమ్ముడు పార పట్టుకుని అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. కాపలా కాస్తున్నాడని పసిపిల్లకైనా తెలుస్తుంది.

ముందు ఈయన్ని ఇక్కణ్ణించి కదిలించాలి.

“మీకు ఎలాంటి చోటుకి కావాలో చెప్పండి, నేను చూపిస్తా,” అంది.

“పడమటి పెరడు. మధ్యాహ్నం నుంచి ఎండ మాడ్చేస్తుంది. నీళ్ళు నిలవకుండా గులకరాళ్ళు పోయించాను.”

హమ్మయ్య, కొనేవాళ్ళు చెప్పే మాట ఒకటి చెప్పాడు. అక్క నక్కతోక రకం చూపించింది. ముళ్ళుండవు, ఆకులు మెత్తగా ఉంటాయి, కాకపోతే అంత ఎండకి కాస్త కములుతాయి అంది.

“ముళ్ళు లేకపోతే నాకెందుకమ్మా?”

రాణి రకం చూపించింది. గుండ్రంగా, తెల్లగీతలతో ముగ్గేసినట్టుంది.

“అబ్బే, దీన్ని చంకలో పెట్టుకుని పోవచ్చు,” అన్నాడు పెద్దాయన.

అక్కకి ఒళ్ళు మండింది. ఇదేం బుద్ధి! చివరికి మూలనున్న నల్లముల్లు రకం దగ్గరికి తీసుకెళ్ళింది. బూడిదరంగు ఆకులు, అంచులనిండా కొక్కేల్లాంటి ముళ్ళు.

“ఇది ఎంత ఎండకైనా బెదరదు.”

“చేత్తో పట్టుకుని లాగితే?”

“చేతులు జల్లెడైపోతాయి.”

పెద్దాయన మొహం వెలిగిపోయింది. “మూడు ఇవ్వమ్మా!”

ఇక అక్క ఉండబట్టలేకపోయింది. “ఏమీ అనుకోకండి. వచ్చిన దగ్గర్నుంచీ ఈ పీకడం, లాగడం గొడవేమిటండీ?”

పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“మా ఆవిడ పదిహేనేళ్ళు పెంచిన మొక్కమ్మా. పోయినేడు తను ఆస్పత్రిలో ఉంటే, నేనూ అక్కడే ఉండిపోయాను. ఇంటికొచ్చేసరికి ఎవరో తవ్వుకుపోయారు. ఆ గుంట పక్కన కూర్చుని ఒకటే ఏడుపు. మళ్ళీ ఇంకో మొక్క పెట్టనివ్వలేదు. ఎవడూ ఎత్తుకుపోలేనిది తెస్తానంటే, ఇన్నాళ్ళకి ఊఁ అంది.”

అక్క తలెత్తలేదు. “అయ్యో, ఎంత పని చేశారండీ,” అంటూ రసీదు పుస్తకం అందుకుంది.

పెద్దాయన తమ్ముడి వైపు తిరిగాడు. “నీళ్ళ ట్యాంకు వీధిలో మలుపు మీద ఇల్లు బాబూ. ముందు పద్దెనిమిది మెట్లు. ఈ ముళ్ళ మొక్కలతో ఎక్కలేవు, ఇంకో మనిషిని తోడు తెచ్చుకో.”

తమ్ముడికి ఆయన్ని చూస్తే జాలేసింది. అనవసరంగా దొంగనుకున్నానే అని సిగ్గు కూడా వేసింది. ఇంత పెద్దవయసువాడికి ధైర్యం చెప్పకపోతే ఎలా అనుకుని, పార పక్కన పెట్టి అన్నాడు:

“మెట్లతో పనేముంది పెద్దాయనా, మీ వెనక గేటు ఒక్క రెక్క తీస్తే చాలు, పోయినేడు అంత పెద్ద మొక్కే పట్టింది!”