మూడింటిలోపు ముద్ర

“రేపు మీ ఖాతాలో పడే తొమ్మిది వందల నలభై పౌండ్లు మీ చేతికి రావు మేడమ్. మా బాకీ కింద జమైపోతాయి,” అన్నాడు పామర్, సాయంత్రం వాన పడొచ్చని చెబుతున్నట్టు.

ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీలో ఆ బ్యాంకు శాఖ సోమవారం, గురువారం మాత్రమే తెరుస్తారు. మేనేజరూ పామరే, గుమాస్తా పామరే, మూడు కొట్టగానే తలుపులు మూసేదీ పామరే. ఆ సోమవారం అప్పటికి మూడుకి పన్నెండు నిమిషాలు తక్కువ.

కౌంటరు ఇవతల విన్నీ హార్‌గ్రీవ్ చేతికర్ర మీద బరువంతా వేసి నిలబడింది. అరవై ఒక్కేళ్ల మనిషి. చేపల ఫ్యాక్టరీలో నడుం పోగొట్టుకుని ప్రభుత్వ భృతి మీద బతుకుతోంది. ఆ తొమ్మిది వందల నలభై భృతి తాలూకు పాత బకాయి. పది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించుకుంది.

“అది నా నడుం డబ్బు నాయనా. నీ బ్యాంకుకేం నడుం విరగలేదుగా?”

వెనక వరసలో ఉన్న ముసలి ఆల్ఫ్ గ్రంట్ కిసుక్కున నవ్వాడు. అతని చేతిలోని చేపల పొట్లం నుంచి వెనిగర్ వాసన బ్యాంకంతా గుప్పుమంటోంది.

పామర్ నవ్వలేదు. “మీరు మాకు పద్దెనిమిది వందల డెబ్భై బాకీ. ఈ ఖాతాలో ఏది పడ్డా ముందు దానికిందికే పోతుంది. ఇంకో బ్యాంకులో ఖాతా తెరుచుకోవాల్సింది.”

“తెరిచాను. భృతి అక్కడికి మారేది వచ్చే నెల నుంచట. ఈ బకాయి మాత్రం ఇక్కడికే పంపేశామన్నారు.”

“అయ్యో,” అన్నాడు పామర్. ఆ అయ్యోలో జాలి మచ్చుకైనా లేదు.

విన్నీ సంచిలోంచి ఓ కాగితం తీసి అద్దం కిందుగా లోపలికి తోసింది.

“రేపు పడే డబ్బు దేనికి వాడాలో ఇందులో రాశాను. అద్దెకి నూట యాభై, కరెంటుకి అరవై, తిండికి యాభై, సర్కారు ఆఫీసులో అర్జీ ఫీజుకి ఆరు వందల ఎనభై. డబ్బు పడకముందే ఖాతాదారు ఇలా రాసిస్తే మీరు ముందు వీటికే ఇవ్వాలి. మీ బాకీ సంగతి ఆ తర్వాతే. సలహా కేంద్రంలో అమ్మాయి చెప్పింది, పాత రూలట. అందినట్టు ముద్ర కొట్టి, టైము వేసి నకలు ఇవ్వు.”

“ఇలాంటి రూలు నేనెప్పుడూ వినలేదు.”

“నువ్వు వినకపోతే రూలు లేకుండా పోతుందా అబ్బాయ్?” అన్నాడు ఆల్ఫ్.

“మీరు మీ వంతు వచ్చాక మాట్లాడండి.”

“వంతు ఎలా వస్తుంది? నువ్వు ఆమె పని చేస్తేగా! ఇక్కడ నా హాడక్ చేప వేపుడు చల్లారిపోతోంది.”

పామర్ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పక్కన పెట్టాడు. “పై ఆఫీసుకి పంపుతాను. గురువారం వచ్చి కనుక్కోండి.”

గురువారం దాకా ఆగితే ఇక కనుక్కోవడానికేం మిగలదు. డబ్బు అర్ధరాత్రి పడుతుంది, తెల్లారేసరికి బ్యాంకు మింగేస్తుంది. ఇంకో పది నెలలు తిరిగే ఓపిక తనకి లేదని విన్నీకి తెలుసు. అక్కడున్న ఒకే ఒక్క కుర్చీని బరబరా ఈడ్చుకెళ్లి, తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చుంది.

“ఏమిటిది మేడమ్?”

“ముద్ర పడేదాకా కదలను. తలుపు మూసుకోవాలంటే నన్ను కుర్చీతో సహా ఎత్తి బయట పెట్టాలి. నడుం జాగ్రత్త నాయనా, పట్టేసిందంటే భృతి రావడానికి పది నెలలు పడుతుంది.”

ఆల్ఫ్ పడీపడీ నవ్వాడు. పామర్ చెవులు ఎర్రబడ్డాయి. విసురుగా ఫోను అందుకుని పై ఆఫీసుకి చేశాడు. అవతల పలికిన ఆడమనిషి గొంతు తలుపు దగ్గరికి కూడా వినిపించేంత గట్టిగా ఉంది.

“దేనికెంతో విడివిడిగా రాసిందా?”

“రాసింది.”

“డబ్బు ఇంకా పడలేదుగా?”

“లేదు. కానీ ఇందులో ఆరు వందల ఎనభై ఏదో అర్జీ ఫీజంటోంది.”

“సర్కారు ఫీజే!” అని కుర్చీలోంచి కేకేసింది విన్నీ. “అది కట్టందే నా అర్జీ ముట్టుకోనైనా ముట్టుకోరు!”

“సర్కారుకి కట్టేది మనం ఆపితే మన మెడకే చుట్టుకుంటుంది పామర్. ముద్ర కొట్టి పంపించు,” అని ఫోను పెట్టేసింది అవతలామె.

మూడుకి రెండు నిమిషాలుండగా పామర్ ముద్ర ఎత్తి ఠపీమని దించాడు. టైము వేసి, సంతకం గీకి, నకలు తోశాడు. విన్నీ కుర్చీలోంచి లేచొచ్చి దాన్ని రెండు చేతులా అందుకుంది. ఆ క్షణాన ఆమెకి నడుం నొప్పి గుర్తే లేదు. పట్టలేని సంతోషంతో ఆల్ఫ్ వీపు మీద ఒక్కటి చరిచింది. పాపం, హాడక్ కింద పడబోయింది.

ఓడినవాడికి ఆఖరి మాటైనా తనదే కావాలనుంటుంది. పామర్‌కీ ఆ సరదా పుట్టింది.

“ఈసారికి మీదే పైచేయి. మా పద్దెనిమిది వందల డెబ్భై మాత్రం ఎక్కడికీ పోదు మేడమ్, పెన్నీతో సహా వసూలు చేస్తాం. ఇంతకీ అంత డబ్బు పోసి అర్జీ పెట్టేంత పనేమొచ్చింది మీకు?”

విన్నీ నకలు మడిచి సంచిలో పెట్టుకుని, కుర్చీ పక్కకి జరిపి తలుపు తీసింది.

“ఐపీ పెడుతున్నా నాయనా. రద్దు కావాల్సిన బాకీల్లో మొదట రాసింది మీ బ్యాంకు పేరే.”