చక్రం కింద నిమ్మకాయ

"సురేషూ, ఆపరా!"

హిమబిందు అరుపు ఇంజను మోతలో కలిసిపోయింది. పూజ చేసిన కొత్త పికప్ ట్రక్కు చక్రం కింద ఆమె నిమ్మకాయ పెడుతుండగానే బండి కదిలింది. రసం వేళ్ళ మీద చిందింది. ఆమె వెనక్కి పడింది.

తమ్ముడు గబగబా దిగాడు. "ఈడే ఉండావా అక్కా? అంత ఎత్తు నుంచి కనపల్లేదు. పక్కకు పోయినావనుకుంటి."

ఆమె బానెట్టు పట్టుకుని లేచింది.

"మొన్న కాలవ గట్టు మీద ఇట్లాంటి బండే నా సైకిలును పొలంలోకి దింపేసింది కదరా. దాని డ్రైవర్ను పొగరుబోతని ఎన్ని తిట్లు తిట్టినానో!"

"తిట్టాల్సిందే."

"లేదురా. వానికీ నేను కనపడుండను."

బానెట్టుకు అవతల బుల్లి సైకిలు బెల్లు మోగింది.

"అమ్మా, స్కూలుకు పోతాండా!"

కూతురి గొంతు వినబడింది. పిల్ల కనబడలేదు.